దిమ్మ నంబరు 33ఎ

కువాంటన్ సైటు ఆఫీసు,
ఏప్రిల్ 9

యోక్ సిమ్ అక్కకి,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "నోటితో చెప్పింది ఇంజనీరింగ్ కాదురా, పుకారు. కాగితం మీద పెట్టు" అంటావు. అందుకే ఈ ఉత్తరాన్ని డ్రాయింగుల గొట్టంలో చుట్టి ఇపో బస్సు డ్రైవరుకి ఇస్తున్నాను. చిన్నాన్న కొడుకుని కదా అని కాస్త ఓపిగ్గా చదువు.

మన పదహారంతస్తుల అపార్టుమెంటు కింద స్తంభానికొకటిగా అరవై పునాది దిమ్మలు రావాలి. ఒక్కో దిమ్మ కింద భూమిలోకి ఎన్ని కాంక్రీటు పైళ్లు దించాలి, దిమ్మ ఎంత మందం పొయ్యాలి, ఇనుము ఎంత వెయ్యాలి, ఇదీ లెక్క. లెక్క ఒక్కటే, అంకెలే వేరు. పోయినసారి తైపింగ్ ఆస్పత్రికి ఇదే లెక్కని నువ్వూ నేనూ వారాల తరబడి చేత్తో చేశాం. చివరికొచ్చేసరికి నేను ఏ దిమ్మ లెక్క చేస్తున్నానో నాకే తెలియలేదు. నువ్వు పట్టుకున్నావు కాబట్టి సరిపోయింది.

ఈసారి ఒక పని చేశాను. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఆ లెక్కని ఒక్కసారి, నువ్వు నేర్పినట్టే మెట్టు మెట్టుగా రాసిపెట్టాను. దిమ్మల వివరాలు స్ప్రెడ్‌షీట్‌లో వరసకొకటి ఉన్నాయి. రెండింటికీ మధ్య లింకు పెట్టాను. స్ప్రెడ్‌షీట్ గుమాస్తా అనుకో, సాఫ్ట్‌వేర్ పంతులు అనుకో. గుమాస్తా ఒక్కో వరసా అందిస్తాడు, పంతులు లెక్క కట్టి జవాబిస్తాడు, గుమాస్తా దాన్ని అదే వరస చివర రాసుకుంటాడు. నేను కాఫీ తాగి వచ్చేలోగా అరవై దిమ్మలూ అయిపోతాయి. మట్టి పరీక్షల్లో అంకె మారిందా, మళ్ళీ కాఫీకి వెళ్తాను.

నీ ముద్ర పడకపోతే ఇక్కడ ఒక్క పైలు కూడా దిగదు. ఒప్పుకో అక్కా. కెరొపోక్ చేప వడియాలు కూడా పంపుతున్నాను.

కా వెంగ్


ఇపో,
ఏప్రిల్ 14

తమ్ముడు కా వెంగ్‌కి,

గొట్టం అందింది. కెరొపోక్‌ని డ్రాయింగులతో కలిపి చుట్టిన మొదటి ఇంజనీరువి నువ్వే. మెట్ల డ్రాయింగు నిండా చేపనూనె. మన సిమెంటు దాన్ని నాకి నాకి పై అంతస్తు చెరిపేసింది. పిల్లికి ఆ పేరు పెట్టినప్పుడే అనుకున్నాను, ఏదో ఒకరోజు పనిలో వేలు పెడుతుందని.

నీ గుమాస్తా, పంతులు కథ చదివాను. ముచ్చటగానే ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దు. నాకు ఒకటే సందేహం. పంతులికి అర్థం కాని వరస వస్తే ఏం చేస్తాడు? మనిషైతే తల గోక్కుని "ఇదేమిటండీ" అని అడుగుతాడు. నీ పంతులికి తల లేదు.

వద్దని అనను. వయసైన మనిషి వద్దంటే భయపడి అన్నారంటారు. కానీ ప్రతి ఏడు దిమ్మలకీ ఒకటి నేను చేత్తో చేసి చూస్తాను. ఏవి చూస్తానో నీకు చెప్పను. అన్నీ కలిస్తేనే ముద్ర. నేను నిద్రపోలేని ఇంటికి నేను ముద్ర వెయ్యను, ఆ సంగతి నీకు తెలుసు. నిజానికి అపార్టుమెంటు అన్నదాంట్లో నాకు నిద్రే పట్టదు, కానీ అది లిఫ్టు మీద కోపం, లెక్క మీద కాదు.

అక్క


కువాంటన్,
మే 20

అక్కా,

రెండు సంగతులు. ఒకటి, ఈ భవనం కట్టిస్తున్న మన తౌకే ఇంకో రెండంతస్తులు వేస్తానంటున్నాడు. పద్దెనిమిది. పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు కూడా పెద్దదవుతుంది. లెక్కలన్నీ మళ్ళీ మొదలు.

రెండోది, తౌకే వాళ్ళమ్మ సైటుకి వచ్చింది. కారు దిగి, తన మడత స్టూలు తనే వేసుకుని, డ్రాయింగు చూపించమంది. వేలు పెట్టి ఒక్కో దిమ్మా చూసుకుంటూ వచ్చి ఆగిపోయింది.

"ఇదేంటి, నాలుగు? ఇక్కడ పధ్నాలుగు? ఇదిగో ముప్పైనాలుగు! ఏరా అబ్బాయ్, ఇల్లు కడుతున్నావా, వల్లకాడు కడుతున్నావా?"

"అంతస్తుల్లో నాలుగు తీసేశాం అమ్మగారూ. ఇవి మట్టిలో ఉండే దిమ్మలు. ఎవరికీ కనపడవు."

"మనుషులకి కనపడవు. కింద ఉండేవాళ్ళకి కనపడతాయిగా!"

కింద ఉండేవాళ్ళ సంగతి కాలేజీలో చెప్పలేదు. మన భాషలో నాలుగుకీ చావుకీ పలుకు ఒకటే, నాలుగు పలికితే చావుని పిలిచినట్టే అని మనింట్లో మామ్మ కూడా అనేది కదా. తౌకే నా వంక చూసి కళ్ళతోనే బతిమాలాడు. సరే, ఇకనుంచి 4 లేదు, 3ఎ. పధ్నాలుగు 13ఎ. అలా చివరిదాకా మార్చేశాను.

పంతులు మాత్రం విసిగించాడు. ఒక వరసలో ఏదో చుక్క ఎక్కువైందని ఆగుతాడు, ఇంకో వరసలో ఖాళీ ఉందని ఆగుతాడు. ఆగినప్పుడల్లా నేను పరిగెత్తుకుని వచ్చి బుజ్జగించాలి. కాఫీ చల్లారిపోతోంది. చివరికి "నచ్చకపోయినా ఆగకు, తర్వాతి వరసకి వెళ్ళు" అని నోరు కట్టేశాను. ఇప్పుడు బుద్ధిమంతుడయ్యాడు. అరవై దిమ్మల జవాబులూ దీంతో పంపుతున్నాను.

కా వెంగ్


ఇపో,
మే 31

పంతులుగారి యజమానికి,

నేను ఎంచుకున్న దిమ్మలన్నీ చేత్తో చేశాను. అన్నీ నీ పంతులి జవాబులతో కలిశాయి. వెంట్రుకవాసి తేడా కూడా లేదు. రెండు దిమ్మల్లో నేనే తప్పాను, మళ్ళీ చేస్తే అతనిదే రైటు. ఈ వాక్యం రాయడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

నోరు కట్టేశానన్నావు. ఎందుకో ఆ మాట నచ్చలేదు. కానీ జవాబులు కలిశాక ఇంకేం అంటాను? ముద్ర వేశాను. గొట్టం రేపటి బస్సుకి వస్తుంది. పైళ్లు దించుకోండి.

ఆ పెద్దావిడ సంగతి చదివి చాలాసేపు నవ్వాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా అంకెలతో కాపురం చేస్తున్నాను, నాలుగు నన్నెప్పుడూ కరవలేదు. మనవాళ్ళకి ఈ పిచ్చి ఎప్పుడు వదులుతుందో. కింద ఉండేవాళ్ళు డ్రాయింగులు చదవగలిగితే వాళ్ళలో ఒకరిని మన ఆఫీసుకి పంపమను, డ్రాఫ్ట్స్‌మన్ మానేశాడు.

అక్క


కువాంటన్,
అక్టోబరు 22

ప్రియమైన అక్కకి,

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ వానలు మొదలయ్యాయి. పతిన్ చేపల కాలం ఇది. నది ఒడ్డున ఒకావిడ పులియబెట్టిన దురియన్ పండు వేసి పులుసు పెడుతోంది, ఆ రుచి చెప్పలేను. వెన్నలా విడిపోతుంది చేప. ఆవిడ ముందు పచ్చిమిరపకాయలు దంచి, తర్వాత పసుపు కొమ్ము, ఆ తర్వాత అల్లంపువ్వు వేస్తుంది. అల్లంపువ్వు ముందు వేస్తే చేదెక్కుతుందట. నిన్న మూడోసారి వెళ్ళాను. ఆవిడ నన్ను గుర్తుపట్టి తోక ముక్క వేసింది. నీకు తోక ఇష్టమని గుర్తొచ్చింది.

కెరొపోక్ ఈసారి విడిగా పంపుతున్నాను, రెండు సంచుల్లో. సిమెంటుకి ఒకటి.

పని బాగానే సాగుతోంది. పన్నెండో అంతస్తు పోస్తున్నారు.

కా వెంగ్

తా.క.: సర్వే వాళ్ళ లెవెలు పరికరం వానాకాలం తేమకి తప్పు చూపిస్తుందా? ఊరికే అడుగుతున్నాను.


ఇపో,
అక్టోబరు 27

కా వెంగ్,

చేప గురించి ఒక పేజీ రాశావు, భవనం గురించి రెండు ముక్కలు. నీ ఆరో ఏట మా నాన్న గోడగడియారం విప్పి పాడుచేశావు. ఆ రోజు కూడా వంటింట్లోకి వచ్చి, ఈపూట పులుసు ఎంత బాగుందో అని నన్ను నిలబెట్టి చెప్పావు. ఆ రోజు ఇంట్లో పులుసే చెయ్యలేదు.

తేమకి పరికరం తప్పు చూపించదు. మనిషి చూడదలచుకోకపోతే తప్పు అనిపిస్తుంది.

ఏ స్తంభం? ఎంత దిగింది? కాగితం మీద పెట్టు.

అక్క


కువాంటన్,
నవంబరు 2

అక్కా,

33ఎ.

ప్రతి అంతస్తు పోసినప్పుడల్లా స్తంభాల లెవెలు తీస్తాం కదా. అన్నీ కొద్దికొద్దిగా సమంగా దిగుతున్నాయి. ఇదొక్కటే పక్కవాటి కంటే ఎక్కువ దిగుతోంది. మొదట పరికరం అనుకున్నాను. వేరే పరికరం తెప్పించాను, అదీ అదే చెప్పింది. రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. చేపలు తిన్నాను. నిన్న తలుపు వేసుకుని ఆ దిమ్మ లెక్క చేత్తో చేశాను. ఎనిమిది పైళ్లు కావాలి. మనం దించినవి ఐదు.

ఎలా జరిగిందో కూడా దొరికింది. వరసతోపాటు దిమ్మ నంబరు కూడా పంతులికి వెళ్తుంది, పేజీ పైన రాసుకోవడానికి. అతను నంబరంటే అంకే అనుకుంటాడు. "33ఎ" అంకె కాదు. ఆ వరస మొత్తం అతనికి అర్థం కాలేదు. నోరు ఉంటే అరిచేవాడు. నేను కట్టేశాను కదా. ఊరుకున్నాడు. జవాబు గడిలో అంతకుముందు వరస జవాబు అలాగే మిగిలి ఉంది. గుమాస్తా దాన్నే రాసుకున్నాడు. 33కి ఐదు, 33ఎకీ ఐదు. పక్కపక్క దిమ్మలు కదా, ఒకేలా ఉండటంలో వింతేముందని నేనూ అనుకున్నాను.

నాలుగుతో ముగిసే దిమ్మలన్నిటికీ ఇదే జరిగింది. మిగతావాటికి ముందున్నవి ఎక్కువ బరువు మోసే దిమ్మలు కాబట్టి కావలసినదానికంటే ఎక్కువే పడ్డాయి. ఈ ఒక్కదానికే తక్కువ. పైకప్పు మీద ట్యాంకుని మోయబోయేది సరిగ్గా ఈ స్తంభమే.

ట్యాంకు ఇంకా కట్టలేదు. మన కొత్త సంవత్సరం పండగకి ముందు ప్రారంభోత్సవం, ఆ వారంలో నీళ్ళు నింపుతారు. నింపితే కూలుతుందని చెప్పను. కూలదని రాసి సంతకం పెట్టమంటే మాత్రం నా చెయ్యి రాదు. అందులో నూటముప్పై కాపురాలు ఉండబోతున్నాయి.

లింకు నాది, నోరు కట్టింది నేను. రాజీనామా దీంతో పెట్టాను. అక్కకి ఈ విషయం తెలియదని తౌకేకి రాసిస్తాను. ముద్ర నీ జీవితం. దానికేమైనా అయితే నేను తట్టుకోలేను.

ఒక్కటి చెప్పు. నువ్వు చేత్తో చూసినవాటిలో ఇలాంటి దిమ్మ ఒక్కటైనా ఉందా? ఉంటే ఎలా కలిసింది?

కా వెంగ్


ఇపో,
నవంబరు 5

కా వెంగ్,

నీ ఉత్తరం నిలబడి చదివాను. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను.

నువ్వడిగినదానికి జవాబు. నేను చూసినవి 2, 9, 16, 21, 27, 35, 42, 51, 58. ఒక పద్ధతని లేదు, మనసుకి తోచినవి తీసుకున్నాను. "మనసుకి తోచినవి" అని రాశాక నా పెన్ను ఆగిపోయింది.

లేచి బీరువా తెరిచాను. నేను చేత్తో తనిఖీ చేసిన ప్రతి పని కాగితాలూ అందులో ఉన్నాయి. వంతెనలు, బడులు, చేపల గిడ్డంగి, తైపింగ్ ఆస్పత్రి. నేల మీద పరిచాను. సిమెంటు వాటి మీద నడుస్తుంటే సాయంత్రం దాకా చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను ఎంచుకున్న అంకెల్లో నాలుగుతో ముగిసేది ఒక్కటి లేదురా. ఒక్కటంటే ఒక్కటి లేదు. నేను గుడికి వెళ్ళను, పంచాంగం చూడను, అగరువత్తి వాసన పడదు. నా చెయ్యి మాత్రం నాకు చెప్పకుండా రోజూ గుడికి వెళ్ళొస్తోంది.

ఆ పెద్దావిడ భయాన్ని పైకి చెప్పింది, నేను నవ్వాను. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదు.

నీ రాజీనామా సిమెంటు బుట్టలో పరిచాను. మెత్తగా ఉన్నట్టుంది, పడుకుంది. తిలాపాపం తలా పిడికెడు అని పంచుకోవడానికి ఇది పాపం కాదు, పునాది. దాని మీద ముద్ర ఒకటే, నాది. "అక్కకి తెలియదు" అని రాస్తానన్నావు. అక్కకి తెలియాలనేగా ముద్ర అక్క దగ్గర పెట్టింది!

నీ మీద కోపం ఉంది. లెక్క తప్పినందుకు కాదు. రెండు వారాలు దాన్ని ఒక్కడివే మోస్తూ నాకు చేపల గురించి రాశావు. ఆ సంగతి తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఇంకోసారి అలా చెయ్యకు.

సోమవారం బస్సుకి నేను కువాంటన్ వస్తున్నాను. నువ్వు ఆ రోజే ఇపోకి బయలుదేరు. నువ్వక్కడుంటే తౌకే నిన్ను తిడతాడు, నేనేమో నిన్ను వెనకేసుకొస్తూ కూర్చోవాలి, పని జరగదు. నా కుర్చీలో కూర్చుని అరవై దిమ్మలూ మళ్ళీ చెయ్యి. సిమెంటుకి కెరొపోక్ పెట్టకు, వాంతి చేసుకుంటుంది.

అక్క


కువాంటన్,
నవంబరు 19

నా కుర్చీలో కూర్చున్న కా వెంగ్‌కి,

తౌకే ఇంటికి వెళ్ళాను. తల్లి కూడా ఉంది, మూలన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. జరిగినదంతా చెప్పాను, ఏదీ దాచలేదు. మూడు పైళ్లు తక్కువని, దిమ్మ చుట్టూ సన్నపైళ్లు దించి కలిపి మళ్ళీ పొయ్యాలని, అందాకా ట్యాంకులో నీళ్ళు పడకూడదని.

తౌకే నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నవ్వాడు.

"ఇంతదానికి ఇంత దూరం వచ్చారా మేడమ్? ప్రారంభానికి పిలుపులు వెళ్ళిపోయాయి. ట్యాంకు నింపేద్దాం. పండగయ్యాక నిదానంగా మీ పైళ్లు మీరు దించుకోండి. ఇన్నాళ్ళూ నిలబడిందా, లేదా?"

"ఇన్నాళ్ళూ నీళ్ళు లేవు."

"మీకు కుదరదంటే ఇంకో ఇంజనీరు దొరకడా నాకు?"

"దొరుకుతాడు. నా ముద్ర వెనక్కి తీసుకుంటున్నానని మునిసిపాలిటీకి ఉత్తరం రాసి సంచిలో పెట్టుకొచ్చాను. ఆయనకి ముందు దీన్ని చూపించండి."

ఆ ఉత్తరం వెళ్తే నా ఆఫీసు మూతపడుతుందని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. అప్పుడు మూలనుంచి పెద్దావిడ అడిగింది.

"ఆ దిమ్మ నంబరెంతమ్మా?"

"33ఎ."

"నన్ను మాయ చెయ్యకు. అసలు నంబరు."

"ముప్పైనాలుగు, అమ్మగారూ. పేరు మార్చాక మా యంత్రానికి అది అర్థం కాలేదు. వదిలేసింది. నేనూ వదిలేశాను, ఎందుకో తెలియకుండానే."

ఆవిడ వేరుశనక్కాయల పళ్ళెం కింద పెట్టేసింది.

"నేనేం చెప్పాను? నాలుగు కనపడకూడదన్నాను. లెక్కలోంచి తీసెయ్యమన్నానా? నాకు నాలుగో కోడలుంది. దాన్ని మూడోదాని చెల్లెలు అంటాను గానీ నాలుగోది అనను. అంతమాత్రాన అన్నం పెట్టడం మానేశానా?"

ఇరవై ఎనిమిదేళ్ళ ఇంజనీరింగ్‌లో నాకు ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ట్యాంకులో చుక్క పడ్డానికి వీల్లేదు. పంచాంగం చూశాను, పండగకి ముందు మంచిరోజే లేదు."

"అమ్మా, ఆ తేదీ పెట్టింది నువ్వేగా!"

"అప్పుడు కళ్ళజోడు లేదు."

పని రేపు మొదలు. పార్కింగులో పైకప్పు తక్కువ ఎత్తు కాబట్టి పొట్టి యంత్రం రప్పిస్తున్నారు. నువ్వు చెప్పిన ఆవిడ దగ్గర చేప తిన్నాను. తోక అడిగితే "అది ఒకబ్బాయికి ఉంచాను" అంది. ఇపో వెళ్ళిపోయాడని చెప్పి నేనే తినేశాను.

అక్క


ఇపో,
డిసెంబరు 28

అక్కా,

అరవై దిమ్మలూ అయిపోయాయి. ఈసారి గుమాస్తా దగ్గర రెండు గడులు పెట్టాను. ఒకదాంట్లో మనుషులు పిలుచుకునే పేరు, ఇంకోదాంట్లో పంతులికి అసలు అంకె. పేరు పంతులి దాకా వెళ్ళదు. కొత్త వరస మొదలవగానే పాత జవాబు చెరిగిపోతుంది. జవాబు రాకపోతే గడి ఎర్రగా, ఖాళీగా ఉంటుంది. నోటి కట్టు విప్పేశాను. ఇప్పుడు అయినదానికీ కానిదానికీ అరుస్తున్నాడు. అరిచినప్పుడల్లా లేచి వెళ్తున్నాను. నీ ఆఫీసు కింద కాఫీ ఇక్కడి నుంచి వాసన చూడటమే గానీ ఇంతవరకు వేడిగా తాగింది లేదు.

ముప్పైనాలుగుకి ఎనిమిది. నువ్వు చేత్తో చేసి పంపిన కాగితంలోనూ ఎనిమిదే. నాలుగుతో ముగిసేవన్నీ నేను కూడా చేత్తో చేశాను. మొదటిది మొదలుపెడుతుంటే నాకూ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నీకు రాయాలనిపించింది.

సన్నపైళ్లు దిగాయని సైటు గుమాస్తా ఫోన్ చేశాడు. అది పుకారే కదా, అందుకే నీ ఉత్తరం కోసం చూస్తున్నాను. నిజం చెప్తున్నాను అక్కా, భయంగా ఉంది. ట్యాంకు నింపే రోజు నేను అక్కడ ఉండనా?

మార్చిలో నా లైసెన్సు ఇంటర్వ్యూ. వెళ్ళాలా, మానాలా అన్నది తేలడం లేదు. ముద్ర చేతికి వస్తే దాన్ని ఎక్కడ వెయ్యాలో ఇప్పుడు నాకు తెలియడం లేదు.

సిమెంటు బాగుంది. నా మీద అలిగింది.

కా వెంగ్


కువాంటన్,
ఫిబ్రవరి 16

తమ్ముడు కా వెంగ్‌కి,

నిన్ను రావద్దన్నాను కదా, అలిగావని పిన్ని రాసింది. నువ్వొస్తే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండేవాళ్ళం. లెవెలు ఎవరు చూస్తారు?

నిన్న ట్యాంకు నింపారు. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ ఎంచిన రోజు. పొద్దున్నే పార్కింగులో 33ఎ పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నాను. సర్వే అబ్బాయి పరికరం దగ్గర నిలబడ్డాడు. పైన నీళ్ళు వదిలారని కేక వినపడింది. ఇంజనీరు స్తంభాన్ని చేత్తో తాకితే ఏమీ తెలియదు, మీ అందరికీ నేనే చెప్పాను. అయినా చెయ్యి ఆనించి కూర్చున్నాను.

కాసేపటికి పెద్దావిడ తన మడత స్టూలు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. వేరుశనక్కాయలు చేతిలో పోసింది. ఇద్దరం తిన్నాం. ట్యాంకు సగం నిండిందన్నారు. మూడొంతులన్నారు. నిండిందన్నారు. సర్వే అబ్బాయి చూసి, మళ్ళీ చూసి, "పక్కవాటితో సమానంగానే ఉంది మేడమ్" అన్నాడు. సాయంత్రం మళ్ళీ చూశాం. అంతే ఉంది. నా ప్రాణం కుదుటపడింది. వేరుశనక పొట్టు మీద కళ్ళనీళ్ళు పడ్డాయి. పెద్దావిడ చూసీ చూడనట్టు ఇంకో గుప్పెడు కాయలు పోసింది. తర్వాత అడిగింది.

"ఇక గట్టిదేనా?"

"గట్టిదే."

"నువ్వు ఉంటావా ఇందులో?"

నేను నిద్రపోలేని ఇంటికి ముద్ర వెయ్యనని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఎవరూ అడగలేదు కాబట్టి చెల్లిపోయింది.

అందుకని ఇందులోనే ఒక ఫ్లాటు తీసుకున్నాను. 33ఎ స్తంభం నా వంటింటి మూల నుంచి పైకి వెళ్తుంది. పొయ్యి దానికి ఆనించే పెట్టించుకుంటాను. లిఫ్టు అక్కర్లేదు, మెట్లెక్కి పోగలిగే ఎత్తే. నిన్న రాత్రి చాప వేసుకుని పడుకున్నాను. నిద్ర పట్టింది.

మార్చిలో ఇంటర్వ్యూకి వెళ్ళు. మీ పనిలో చేసిన పెద్ద తప్పేమిటని అడుగుతారు, అందరినీ అడుగుతారు. ఇదే చెప్పు. చేపల రెండు వారాలతో సహా చెప్పు. నా పేరు, నేను చూడని అంకెలు కూడా చెప్పు. అవి దాచావంటే నా కుర్చీ ఖాళీ చెయ్యి. చెప్పావంటే అది నీకే ఉండనీ, నా నడుముకి ఎలాగూ పడటం లేదు.

సిమెంటుని బుట్టలో పెట్టి బస్సు డ్రైవరుకి ఇవ్వు. డ్రాయింగుల గొట్టంలో చుట్టకు.

ఇకనుంచి ఉత్తరాలు ఇక్కడికే రాయి. కవరు మీద 3ఎ అంతస్తు అని రాయి, నాలుగు అని రాస్తే పోస్టుమాన్ మెట్లన్నీ ఎక్కి దిగి వెనక్కి తీసుకుపోతాడు. లోపల ఏ అంకె రాసుకుంటావో నీ ఇష్టం.

అక్క